కన్ఫర్మేషన్ మొక్కు

జూనియర్ సివిల్ జడ్జి పురుషోత్తంగారు రోజూ సరిగ్గా పదిన్నరకు బెంచి ఎక్కేవారు. టేబులు మీద ఎర్రదుమ్ము తుడిపించి, పెన్ను మూత తీసి, ఫైలు చివరి పేజీ దాకా శ్రద్ధగా చదివి, మళ్లీ మూత పెట్టి, "వాయిదా" అనేవారు. తీర్పు ఇస్తే పైకోర్టు కొట్టెయ్యవచ్చు. కొట్టేస్తే ఇంకా ప్రొబేషన్‌లో ఉన్న తన ఉద్యోగం ఖాయం కాకపోవచ్చు. వాయిదాను కొట్టేసిన పైకోర్టు మాత్రం ఇంతవరకు లేదు.

పామిడి రైతు ఆదెన్న బావిలో వాటా కోసం రెండేళ్లుగా ఆ కోర్టుకు తిరుగుతున్నాడు. ఈలోగా బావి అడుగంటుతోంది. "సారుకు కన్ఫర్మేషన్ రానీప్పా, తీర్పు దానంతటదే వస్తాది" అన్నాడు అటెండరు ఆంజనేయులు. ఆ మాట నమ్మి ఆదెన్న, జడ్జిగారి కన్ఫర్మేషన్ కోసం కదిరి నరసింహస్వామికి తలనీలాలు మొక్కుకున్నాడు.

2003 వేసవిలో కన్ఫర్మేషన్ వచ్చింది. ఆదెన్న గుండుతో, ప్రసాదంతో వచ్చాడు. జడ్జిగారు ప్రసాదం కళ్లకద్దుకుని తిన్నారు. కన్ఫర్మేషన్ వచ్చిన కవరులోనే బదిలీ ఉత్తర్వు కూడా ఉంది. ఆ వారమే ఆయన వెళ్లిపోయారు.

"కొత్తసారుకు కన్ఫర్మేషన్ అయిండాదా అన్నా?" అని ఆదెన్న అటెండరును అడిగాడు.

"యాడప్పా! ఇంకా రెండేండ్లుండాది."

ఆదెన్న గుండు తడుముకున్నాడు.

"సరేలేన్నా. అంతలోపల ఎంటికలన్నా పెరుగుతాయి."