పేరేసంద్ర గొడ్ల డాక్టర్ పేజీ

చింతామణిలో నేను చేసే పనిని మా ఇంట్లో 'కంప్యూటర్ పని' అంటారు. అంతకు మించి ఎవురూ అడగరు. అడిగితే మాత్రం ఏం చెప్పేది? వెబ్‌సైట్లకు పేర్లు పెడతాండాను, ఊరూరి పేరుతో దొంగ గుమ్మాలు కడతాండాను అని చెప్పాలా? ఛీ, చెప్పుకునే పనేనా అది!

ఒకసారి మా ఆఫీసుకు ఒక గొడ్ల డాక్టర్ వచ్చినాడు. చింతామణిలోనే సొంత క్లినిక్, మంచి మనిషి. బోర్డు మీద వాళ్ళమ్మ పేరుండాది, వెబ్‌సైట్‌కూ అదే పెట్టమన్నాడు. మా ఓనర్ పగలబడి నవ్వినాడు. "మీ అమ్మ పేరు ఎవురు వెతుకుతారు సార్? ఆవు పడిపోతే జనం ఊరి పేరు చెప్పి గొడ్ల డాక్టర్ అని వెతుకుతారు. అదే మన అడ్రస్" అన్నాడు. డాక్టర్ ముఖం చిన్నబోయింది. మా జిల్లా పేరు చిక్కబళ్ళాపుర, గొడ్లు, డాక్టర్, మూడు మాటలూ అడ్డగీతలతో అతికించి వెబ్‌సైట్ అడ్రస్ కొన్నాం. ఆ తల్లి పేరు పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లోకి పోయింది. పోగొట్టింది నేనే.

అంతటితో అయిపోతే బాగుండేది. ఓనర్ ఊర్ల పట్టీ తెచ్చి నా ముందర పెట్టినాడు. రాత అంతా ఒకటే, ఊరి పేరు దగ్గర మాత్రం ఖాళీ. బాగేపల్లి పెట్టు, ఒక పేజీ. శిడ్లఘట్ట పెట్టు, ఇంకో పేజీ. ప్రతి పేజీ పేరులోనూ ఆ ఊరి పేరు. ఆ ఊర్లలో యాడా ఆ డాక్టర్‌కు క్లినిక్ కాదు గదా, కూర్చునే కుర్చీ కూడా లేదు.

పేరేసంద్ర దగ్గర నా చెయ్యి ఆగింది. అది మా అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ ఊరు. బడి సెలవులన్నీ నాకు ఆడనే గడిచినాయి. పాల డైరీ ఏ సందులో ఉండాదో, ఆవుకు బాగలేకపోతే డైరీ సెక్రెటరీ ఏ డాక్టర్‌ను పిలుస్తాడో నాకు తెలుసు.

"అన్నా, ఈయన ఆడ లేడు గదా?" అంటిని.

"ఉండాడని ఎవురు రాసినారమ్మా? సేవలు మీ ఊర్లోనే అని రాసినాం. ఫోన్ చేస్తే పోతాడు. పేజీ పేరులో ఊరుంటే చాలు, పైకొస్తాది."

పైకొచ్చింది. కొన్ని వారాలకే పేరేసంద్ర గొడ్ల డాక్టర్ అని వెతికితే మాదే మొదట. ఆ సంతోషానికి ఓనర్ అందరికీ బోండాలు తెప్పించినాడు. నేనూ రెండు తిన్నాను. థూ!

మొన్న ఒక ఆదివారం సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. చిన్నమ్మ ఆవు ఈనలేక చచ్చిపోయిందంట. మా చిన్నాయన పోయినాంక ఆ ఒక్క ఆవు పాలతోనే ఆమె ఇల్లు నడుస్తాండింది. మరుసటి దినం పొద్దున్నే బస్సెక్కినాను.

చిన్నమ్మ కొట్టంలో, ఆవును కట్టేసే ఖాళీ గూటం పక్కన కూర్చోనుండింది. నన్ను చూస్తానే చెప్పడం మొదలుపెట్టింది. మధ్యాన్నం నొప్పులొచ్చినాయంట. దూడ తోక ముందొచ్చి ఇరుక్కునిందంట. ఫోన్‌ను నోటితోనే అడిగింది, పేరేసంద్ర గొడ్ల డాక్టర్ అని. ఫోన్ చేస్తే క్లినిక్‌లో ఎవురో ఆడపిల్ల, "బయల్దేరినారమ్మా, వస్తాండారు" అనిందంట.

"అంతలో డైరీ సెక్రెటరీ వచ్చె. మన డాక్టర్‌ను పిలవాల్నామ్మా, పది నిమిషాల్లో వస్తాడు అనె. నేనే వద్దంటిని."

"ఎందుకు చిన్నమ్మా వద్దంటివి?"

"ఒకాయన వస్తాండంగా ఇంకొకాయన్ను పిలిస్తే మర్యాదగా ఉంటాదా? వచ్చినాయన మనసు నొచ్చుకోదా? ఊర్లోనే ఉండాడంట గదా, ఇంగెంత సేపులే అనుకుంటి. చేతులు కడుక్కునేదానికి నీళ్ళు కాచి, సోపు కూడా పెట్టుకోనుంటి."

ఆ నీళ్ళు చల్లారినాయి, మళ్ళా కాచింది. డాక్టర్ చింతామణి నుంచి శిడ్లఘట్ట దాటుకోని వచ్చేసరికి దూడ కడుపులోనే పోయింది, ఆవు మెడ వాల్చేసింది. ఆయన చొక్కా విప్పి చానా కష్టపడినాడంట. చివరికి, "నేను పేరేసంద్రలో ఉండానని ఎవురు చెప్పినారమ్మా మీకు?" అని అడిగినాడంట. మేము కట్టిన గుమ్మాల సంగతి ఆయనకే తెలీదు. మా ఓనర్ ముఖాన ఉమ్మేయాలనిపించింది. ఆ వెంటనే నా ముఖం గుర్తొచ్చింది.

చిన్నమ్మ ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు చదువుకున్నదానివి. చూడమ్మా, నేనేమన్నా తప్పు చదివినానా?"

పైన పేరేసంద్ర. దాని కింద, సేవలు మీ ఊర్లోనే, ఏ వేళకైనా. నేను కొట్టిన అక్షరాలే.

"లేదు చిన్నమ్మా. సరిగ్గానే చదివినావు."

"పోనీలే. ఆ రాసినోళ్ళు బెంగుళూరులో యాడో కూర్చోనుంటారు. మన ఊరు చూసినోళ్ళయితే అట్ల రాస్తారా?"

"చూసినోళ్ళే చిన్నమ్మా. నేనే రాసినాను."

తిడుతుందనుకున్నాను. రెండు దెబ్బలు వేసినా బాగుండు. ఆమె నా చేతిలోంచి ఫోన్ తీసుకోని, చెంగుతో తుడిచి, పక్కన పెట్టింది. ఆ ఇంట్లోంచి ఎన్నడూ నన్ను అన్నం తినకుండా పంపింది లేదు.

"పదకొండుకు చింతామణి బస్సుండాది. బిరబిరా పోతే దొరుకుతాది" అనింది.