పెన్సిల్ మార్కులు

మార్కులు పెన్నుతో వేసే టీచర్ల మీద నాకిప్పటికీ నమ్మకం కుదరదు. మందమర్రి బడిలో మా మూడో తరగతి లెక్కల టీచరు పెన్సిల్‌తోనే వేసేది. తప్పిన లెక్క మళ్లీ చేసి చూపిస్తే పాత మార్కు చెరిపి కొత్తది రాసేది.

ఒకసారి నాకు పదికి నాలుగొచ్చాయి. బాపు గని నుంచి వచ్చేలోపు నేనే చెరిపి ఎనిమిది వేసుకున్నాను. బాపు దాన్ని పక్కింటివాళ్లకూ చూపించాడు.

మర్నాడు టీచరు ఆ ఎనిమిదిని చూసి, సుద్దముక్క నా చేతిలో పెట్టింది.

"నువ్వే ఏసుకున్నవా బిడ్డా? మంచిదే. గిప్పుడు గా మార్కులకు తగ్గ లెక్కలు జెయ్యి."

తప్పిన ఆరింటిలో నాలుగు సరిచేసేసరికి లాంగ్ బెల్ కొట్టారు. ఐదోది మొదలుపెట్టబోతే ఆపింది.

"చాలు. నువ్వు ఏసుకున్నది ఎనిమిదే గద!"

నా వంకర ఎనిమిదిని ఆమె చెరపలేదు. దాని పక్కన పెన్నుతో సంతకం పెట్టింది.