సంఘం కోటు

మా వాడకు కేబుల్ టీవీ ఇంకా రాని కాలం అది. పాశ్చాత్య సంస్కృతి ఎలా ఉంటుందో మాకెవరికీ తెలియదు గానీ, అది పాడైపోయిందని మాత్రం గట్టిగా తెలుసు. కాజీపల్లి దగ్గర రేకుల కప్పు కింద నడిచే మా చిన్న సంఘంలో పాస్టరుగారు నెలకోసారైనా ఆ సంగతి ఎత్తేవారు. అక్కడ చర్చిలు ఖాళీ అయిపోయాయట, పిల్లలు కన్నవాళ్లను చూడరట, ఇక వేషాలైతే చెప్పనక్కర్లేదట. (మన దగ్గర ఇవేవీ లేనట్టు మేమంతా సంతోషంగా ఆమెన్ అనేవాళ్లం.)

కెమికల్ ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరిన కొత్తలో, ఒక ఆదివారం ఆ అంశం మీద వాక్యం, అంటే ప్రసంగం, చెప్పమని నన్నే నిలబెట్టారు. "మంచిగ చెప్పినవంటే యూత్ లీడర్‌వి నువ్వే" అన్నారు పాస్టరుగారు. నాయనమ్మ ఆ కబురు వాడంతా చాటింది. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉండేది. వాక్యం చెప్పేవాళ్లు ఎవరైనా సరే, మేకుకు వేలాడే పాస్టరుగారి పెళ్లినాటి నల్లకోటు తొడుక్కోవాల్సిందే. ఆయన భారీ మనిషి, నేనేమో పుల్ల. అయినా ఆ కోటు నాకు వరమే, ఎందుకంటే నాకున్న ఒక్క మంచి చొక్కా వీపు యాసిడ్ చుక్కలు పడి జల్లెడైపోయింది.

మే నెల ఎండ, పైన రేకులు, ఒంటి మీద కోటు. నేను గొంతు సవరించుకునేసరికి మా ఫ్యాక్టరీలో మిషన్ బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీరు లోపలికి వచ్చాడు. మేమంతా ఆయన్ని దొర అనేవాళ్లం. ముందురోజు గొప్పకు పోయి నేనే పిలిచి, మరిచిపోయాను! పటాన్‌చెరు అంగడిలో కొన్న లాల్చీ పైజమాతో, చెప్పులు బయట విడిచి, నాయనమ్మ పక్కన చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇక వెనక్కి తగ్గలేక, "పరాయి వేషం వేసుకున్నవాడు దేవుని ముందు ఏ ముఖంతో నిలబడతాడు?" అని గర్జించాను.

జనం దొర పైజమా వైపు చూశారు. తర్వాత నా కోటు వైపు చూశారు.

"గా పరాయి యేషం నువ్వే ఏస్కున్నవు గదరా!" అంది నాయనమ్మ. "దొర సూడు, మనోని లెక్కనే ఉన్నడు. ముందుగాల గా కోటు ఇప్పు బిడ్డా, ఉడికి సస్తవు."

"ఏం గాదు నాయనమ్మా, మంచిగనే ఉన్న" అన్నాను. అంటూనే కళ్లు తిరిగి బల్ల మీదికి ఒరిగాను. దొర ఒక్క ఉదుటున లేచి వచ్చి కోటు లాగేశాడు. చొక్కా చిరుగులు చూసినట్టున్నాడు, నన్ను నిలబెట్టి, జనానికి నా వీపు కనబడకుండా వెనక నిలబడి పాటల పుస్తకంతో విసరసాగాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. "నేను ఆ దేశాలు చూడలేదు. చూసింది ఈయన ఒక్కరినే. ఈయన మీద చెప్పడానికి నా దగ్గర చెడ్డమాట ఒక్కటీ లేదు" అని కూర్చున్నాను. యూత్ లీడర్ పదవి ఇంకొకరికి పోయింది.

బయట దొర, ఈరోజు అంశమేమిటని అడిగాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో నిజమే చెప్పాను. ఆయన నవ్వలేదు, కోపగించుకోలేదు. తమ ఊరి చర్చికి ఇప్పుడు పదిమంది ముసలివాళ్లే వస్తున్నారని, అందులో ఒకరు తన తల్లేనని, తమ కోసం ప్రార్థన చేయమని అన్నాడు. ఇన్నేళ్లూ మేము ఆమెన్ కొట్టింది ఆ ముసలమ్మ ఒంటరితనానికా అని సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు మా చర్చికి స్లాబు పడింది, ఫ్యాన్లొచ్చాయి. మా పిల్లలే ఆదివారం పూట లేవరు. లోకం పాడైపోతోందని అప్పుడప్పుడు నాకూ గట్టిగా అరవాలనిపిస్తుంది. వాక్యం చెప్పే వంతు నాకొచ్చినప్పుడు మేకుకున్న ఆ పాత కోటు దగ్గరికి చెయ్యి వెళుతుంది కూడా. (ఇప్పుడది నాకు పొట్ట దగ్గర బిగుతే.) ఇంతలో వీపు మీద పాటల పుస్తకం గాలి తగిలినట్టవుతుంది. కోటు మేకుకే వదిలేసి, ఆ పదిమంది కోసం, మా పిల్లల కోసం ప్రార్థన చేసి కూర్చుంటాను.