కాలు విరిగిన ఆరు వారాలు

మస్కట్‌లో మా ఇంటి తలుపుకి పైన ఇంకో గడియ నేనే పెట్టించాను. నాలుగేళ్ల మా పెద్దమ్మాయి తలుపు తీసుకుని మెట్ల మీదకి పరిగెత్తడం నేర్చింది. మా ఆయనకి ఎడారిలో పైపులైన్ పని, నెలలో మూడు వారాలు క్యాంపులోనే. ఆరో నెల కడుపుతో దాని వెనక పరిగెత్తలేక, దానికి అందని ఎత్తులో గడియ బిగింపజేశాను.

ఆ మధ్యాహ్నం రెండేళ్ల బాబు నిద్రపోయాడు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. నానబెట్టిన బట్టల బకెట్ ఎత్తి బాత్రూం గుమ్మం దాటుతుంటే సబ్బు నీళ్లలో కుడికాలు జారింది. కడుపు నేలకి తగలకూడదన్న ఒక్క ఆలోచనతో ఒళ్లంతా పక్కకి తిప్పాను. పాదం మాత్రం తిరగలేదు. చిటుక్కుమన్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"అమ్మా, లే," అంది పెద్దమ్మాయి.

లేవబోతే కళ్లు తిరిగాయి. చీలమండ కింద పాదం వంకరగా ఉంది. ఫోను పడకగదిలో బీరువా మీద ఛార్జింగ్‌లో పెట్టాను, పిల్లలు తీస్తారని. ఈలోగా పప్పు మాడుతున్న వాసన మొదలైంది. ముందు గ్యాస్ కట్టాలి. చేతులు నేలకి ఆనించి, వెనక్కి జరుగుతూ వంటింట్లోకి వెళ్లాను. నాలుగు అడుగుల దూరానికే రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. గట్టు అంచు పట్టుకుని ఎడమ మోకాలి మీద లేచి, ఎలాగో పొయ్యి ఆర్పాను. అప్పుడు తట్టింది, పడినప్పటి నుంచి లోపల బిడ్డ కదల్లేదని.

మళ్లీ తలుపు దాకా పాక్కుంటూ వెళ్లాను. పాప ప్లాస్టిక్ కుర్చీ లాక్కొచ్చింది. కుర్చీ కాళ్లు రెండు చేతులా పట్టుకుని దాన్ని పైకి ఎక్కమన్నాను. ఇది కూడా పడితే ఏం చెయ్యాలో నాకు తెలియదు. దాని వేళ్లు గడియకి అందాయి గాని గడియ కదల్లేదు. అది ఏడుపు మొదలుపెట్టింది. లోపల బాబు కూడా లేచి ఏడుస్తున్నాడు. నాకిక ఓపిక లేకపోయింది.

"ఎవులైనా ఉన్నారా! నా కాలు ఇరిగిపోనాది! ఎవులైనా రండి!" అని అరిచాను.

మెట్ల మీద అడుగుల చప్పుడు. "ఎవులమ్మా? ఏటైనాది?"

కింది ఇంట్లో ఒక ముసలావిడని చూసుకునే పనామె గొంతు అది. లిఫ్టులో ఎన్నోసార్లు ఎదురైంది. తెలుగామె అని తెలుసు. ఏ ఊరని నేనడిగితే తనతో పరిచయం పెరుగుతుందని, "బాగున్నారా" అని మా యాస రాకుండా శుభ్రమైన తెలుగులో పలకరించి తప్పుకునేదాన్ని. మాది శ్రీకాకుళం వైపు రాజాంలో బట్టల కొట్టు వాళ్ల ఇల్లు. ఇళ్లలో పనికొచ్చిన వాళ్లతో నాకేమిటి అనుకున్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం అదే.

"నెట్టకండి, పాప కుర్చీ మీదుంది! పై గడియ రావడం లేదు!" అన్నాను.

"నెట్టను. తలుపు నా వైపు లాగి పట్టుకుంటాను, గడియ వదులవుద్ది. పాపా, ఏడవకు తల్లీ. ముందు పక్కకి తిప్పు. తిప్పావా? ఇప్పుడు కిందకి లాగు."

మూడోసారికి గడియ దిగింది. పాపని దింపి, కుర్చీ పక్కకి తోశాక ఆమె లోపలికొచ్చింది. నా కాలు చూసి తల పట్టుకుంది.

"ఓలమ్మో! నీది మన సికాకులం మాటే కదే! ఇన్నాళ్లూ సెప్పలేదేటి?"

నేను ఏడుస్తూనే, "బిడ్డ కదలడం లేదు," అన్నాను. ఆమె ఫోను తెచ్చిచ్చి, పిల్లలిద్దరినీ చంకలో ఒకరిని, చేత్తో ఒకరిని పట్టుకుంది. అంబులెన్సు వచ్చి, పిల్లల్ని కూడా నాతో ఎక్కించేదాకా కదల్లేదు.

ఆసుపత్రిలో కాలు సంగతి తర్వాత చూద్దామని డాక్టరమ్మ ముందు కడుపు మీద జెల్లీ రాసింది. ఆవిడ చేతిలో పరికరం ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుగుతోంది. ఏ శబ్దమూ లేదు. నేను ఆవిడ మొహం వైపే చూస్తున్నాను. తర్వాత గబగబా కొట్టుకుంటున్న బిడ్డ గుండె చప్పుడు వినిపించింది.

చీలమండలో రెండు ఎముకలు విరిగాయి. మోకాలి దాకా కట్టు వేశారు. ఆరు వారాలు పాదం కింద పెట్టకూడదు. రక్తం గడ్డకట్టకుండా రోజూ కడుపు మీద చర్మంలో ఇంజెక్షన్, అదీ నాకు నేనే చేసుకోవాలి. మొదటిసారి సూది పట్టుకుంటే పెద్దమ్మాయి అడ్డొచ్చి, "లోపల పాపకి గుచ్చుకుంటుంది," అని నా చెయ్యి వదల్లేదు.

మా ఆయన వచ్చి పది రోజులు ఉండి, సెలవు అయిపోయి వెళ్లిపోయాడు. అమ్మ రాజాం నుంచి రోజూ ఫోను చేసేది.

"పాస్‌పోర్టు అయినా లేదు నాకు. ఎవులు సూస్తన్నారే నిన్ను?"

"ఒకామె ఉందమ్మా. ఆమదాలవలస పక్కనామె."

కింది ఇంటి ముసలావిడ మధ్యాహ్నం పడుకున్న గంటలో ఆమె పైకి వచ్చేది. అన్నం వండి, గిన్నెలన్నీ నా చేతికందే ఎత్తులో పెట్టి, పిల్లలకి స్నానాలు చేయించి, పెద్దదానికి జడ వేసేది. లిఫ్టు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడేది. ఇంటివాళ్లకి తెలిస్తే పని పోతుంది. ఒకరోజు బాబు తలకి సబ్బు రుద్దుతుండగా కింద ముసలావిడ లేచి పిలవడం వినిపించింది. వాడిని అలాగే వదిలి పరిగెత్తింది. కట్టుకి ప్లాస్టిక్ సంచి చుట్టుకుని, స్టూలు మీద కూర్చుని, కళ్లలో సబ్బు పడి అరుస్తున్న వాడి తల నేను కడిగాను. రేపు ఆమె రాకపోతే ఎలా అని ఆ రాత్రంతా అదే దిగులు. మర్నాడు వచ్చింది.

నెలలు నిండాక అక్కడే ఆడపిల్ల పుట్టింది. ఏ లోపమూ లేదు. నేను మాత్రం ఇప్పటికీ తడి నేల మీద గోడ పట్టుకునే నడుస్తాను.

మొన్న రాజాం వచ్చినప్పుడు, చంటిదాన్ని ఎత్తుకుని ఆమదాలవలస దగ్గర ఆమె ఊరు వెళ్లాను. ఆమె ఇంకా మస్కట్‌లోనే ఉంది. ఇంట్లో ఆమె కూతురు ఉంది. ఎచ్చెర్ల కాలేజీలో చదువుతోంది. నేను తెచ్చిన బట్టల సంచి తీసుకుని పక్కన పెట్టింది, విప్పలేదు.

"మా అమ్మ మీ పిల్లలకి జడలు కూడా ఏసీదా?" అని అడిగింది.

"వేసేది."

"నాకు ఆరేళ్లప్పుడు ఎల్లిపోనాది."

మీ అమ్మ లేకపోతే నేనేమయ్యేదాన్నో అని మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేశాను. ఆ మాట ఆ పిల్లకి ఎందుకు? ఆ పిల్లే లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు నా చేతికిచ్చి, చంటిదాని కోసం రెండు చేతులూ చాచింది.