చల్లోరి పిల్ల

దగ్గరికి జరిగి కూర్చోండి, ఒక పిల్ల సంగతి చెప్తాను. పోయిన ఎండాకాలం జనగామ బస్టాండులో మహబూబాబాద్ బస్సు కోసం కూర్చున్నాను. పక్కనున్న పిల్ల డబ్బా మూత తీసి, నాకు గ్లాసు నిండా చల్ల, అదే మజ్జిగ, పోసింది.

"అమ్ముతున్నవా బిడ్డా?"

"చల్ల అమ్ముతరా అవ్వా? అడిగినోళ్లకు పొయ్యాలె. మా ఇంటిపేరు గూడ చల్లనే" అని నవ్వింది.

వాళ్ల నాయనమ్మ చల్ల చిలుకుతూ పాడిన పాటను ఈ పిల్ల స్టూడియోలో పాడి వచ్చిందట. తన మొదటి పాట. దానికీ 'చల్ల' అనే పేరు పెట్టుకుంది. సాయంత్రానికి అందరి ఫోన్లలోకి వస్తుందని ఊరంతా చెప్పుకున్నారట.

అంతలో ఫోను మోగింది. స్టూడియో ఆయన గొంతు నాకూ వినబడింది.

"గదేం పేరమ్మా, ఎవరింటరు? పాట పేరు మార్చు, నీ ఇంటిపేరు తీసెయ్యి. లేకుంటే పాట వద్దు."

పిల్ల ముఖం వాడిపోయింది.

"ఒప్పుకో బిడ్డా, పేరుదేమున్నది" అన్నాను నేను.

ఆమె ఫోనులో ఆయనకే మెల్లగా చెప్పింది.

"అన్నా, చల్లకొచ్చి ముంత దాచుడు మాకు రాదు. గా పేరుతోనే రావాలె. లేకుంటే మా వాడకట్టుల నేనే పాడుకుంట."

ఫోను పెట్టేసింది. నేను అడగకుండానే పాట ఎత్తుకుంది. బస్సు వచ్చేదాకా బస్టాండులో సగం మంది ఆమె చుట్టూ చేరారు.

ఆ పాట ఫోన్లలోకి వచ్చిందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం అప్పటినుంచి ఎవరడిగినా నా ఇంటిపేరు గొంతు తగ్గించకుండా చెప్తున్నాను.

మీ గడప పచ్చగుండాలి. మీ పిల్లలు మీ పేరు నోరారా చెప్పుకోవాలి.