రాణికి దక్కిన పలక

నిన్న కేఫ్‌లో కేకును నల్ల పలక మీద పెట్టి తెచ్చారు. అచ్చం మా మార్కాపురం రాయే. తినబుద్ధి కాలేదు, రాణి గుర్తొచ్చింది.

రాణి మా ముంగిస. రాళ్ళ గుట్టల్లో పాములు చేరకుండా నాయన దాన్ని రాళ్ళను పలకలుగా కోసే మా షెడ్డులో పెంచాడు. నన్ను "ఏయ్ పిల్లా" అనేవాడు. దాన్ని మాత్రం "రా తల్లీ" అని పిలిచి, తన కంచంలోంచే ముద్ద పెట్టేవాడు.

నాలాగే పలకల షెడ్డుల్లో పెరిగిన పిల్లలూ, గుర్తుందా? మంచి పలకలన్నీ లారీ ఎక్కేవి. మనం బడికి అంచు విరిగినవే పట్టుకెళ్ళేవాళ్ళం.

రాణి చచ్చిపోయిన రోజు నాయన తలమీద నీళ్ళు పోసుకున్నాడు, అన్నం ముట్టలేదు. దాన్ని పెరట్లో పూడ్చి, పైన మచ్చలేని కొత్త పలక నిలబెట్టి, బలపంతో పేరు రాశాడు.

"నాకెప్పుడన్నా అట్లాంటిది ఇచ్చినావా నాయనా?" అని ఏడ్చాను.

"ఏందే, చచ్చినదానితో కూడా పోటీనా?" అంది అమ్మ.

"నీకిస్తే పగలగొడతావు. అది పాపం ఏం చేస్తాది?" అన్నాడు నాయన.

మొన్న ఊరెళ్ళి చూశాను. వాన కడిగేసినప్పుడల్లా నాయన ఆ పేరు మళ్ళీ రాస్తున్నాడట. అక్షరాలు ఇంకా తెల్లగా ఉన్నాయి.

డిగ్రీ అయిపోయింది, ఉద్యోగమూ వచ్చింది. నాకింకా ఆ పలకే కావాలి.