స్టేక్‌కు పచ్చి బొప్పాయి పట్టించిన పాపం

ఇల్లు తగలబెట్టకుండా పరువు మాత్రం తగలబెట్టుకోవడం ఎలాగో కావాలంటే నా దగ్గర నేర్చుకోండి. కావలసినవి: ఖరీదైన పెద్దకూర ముక్కలు ఐదు, వెన్న, ఒక పచ్చి బొప్పాయి, ఒక తోడల్లుడు. ఆ చివరిది లేకపోతే మొదటి మూడూ ఎవరికీ ఏ హానీ చెయ్యవు.

తోడల్లుణ్ని మా నల్లగొండ వైపు సడ్డకుడంటాం. నా సడ్డకుడి పేరు ఇర్ఫాన్. మా ఆవిడ నస్రీన్‌కు చెల్లెలైన షాహీన్ భర్త. వయసులో నాకన్నా ఆరేళ్లు చిన్న, మిగతా అన్నిటిలో పెద్ద. అవి వైటూకే రోజులు. కంప్యూటర్ ముందు కూర్చోవడం వచ్చిన ప్రతివాణ్నీ సింగపూర్ పిలిచి కుర్చీ వేస్తున్న కాలం. నాది పాత కంప్యూటర్ భాష కోబాల్, అతనిది కొత్తగా వచ్చిన జావా. ఆ రెండు మాటలకూ తేడా ఏమిటంటే, నేను పాసిర్ రిస్ ఫ్లాట్ నుంచి తువాస్ షిప్‌యార్డ్‌కు, అంటే దేశం ఈ కొస నుంచి ఆ కొసకు, కంపెనీ బస్సులో కునుకుతూ పోయేవాణ్ని. అతను సెరంగూన్‌లో తన కాండో అపార్ట్‌మెంట్ కొలనులో ఈత కొట్టి, తల దువ్వుకుని ఆఫీసుకు పోయేవాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నా నిఖా విందులో అత్తవారు కోడి బిర్యానీ పెట్టారు. అతని నిఖాలో మేక బిర్యానీ. నేను మరిచిపోయానని మీరు అనుకుంటే అది మీ మంచితనం.

ఆ ఏడు మా అత్తగారు నెల రోజులకు సింగపూర్ వచ్చింది. ఆమెను మేమందరం అమ్మీ అంటాం. మొదటి పది రోజులు షాహీన్ దగ్గర, తర్వాతి పది మా దగ్గర. ఆఖరి పది రోజులు ఎక్కడన్నది ఆమె మనసు. తల్లి తన దగ్గరే ఉండాలని నస్రీన్ ఆశ. నాదీ అదే ఆశ, కాకపోతే కారణం వేరు. ఆమె మా ఇంట్లో ఉంటే ఇర్ఫాన్ ఇంట్లో ఉండదు.

మా వంతు ఇంకో మూడు రోజుల్లో ముగుస్తుందనగా ఇర్ఫాన్ మా అందరినీ భోజనానికి పిలిచాడు. బిర్యానీ అనుకుని వెళ్లాను. తెల్లటి పళ్లేల్లో అరచేయంత మాంసం ముక్కలు వచ్చాయి. ఒక్కోదాని మీద ఒక ఆకుపచ్చ బిళ్ల, సబ్బులా జారుతూ కరుగుతోంది.

"గిదేంది బేటా, కూర మీద మందు బిళ్ల?" అంది అమ్మీ.

"ఫ్లేవర్డ్ బటర్, అమ్మీ. వెన్నల వెల్లుల్లి, పార్‌స్లీ కలిపి గడ్డ కట్టించిన."

అమ్మీ ముక్క లోపల గులాబీ రంగు కనిపించింది. "తమ్మీ, నాది బాగ కాల్చు. పానం పోయిందని నాకు నమ్మకం కుదరాలె," అన్నాను.

అతను కాల్చాడు. నేను నమిలాను. అందరూ తిని, చేతులు కడుక్కుని, పుచ్చకాయ ముక్కలు తినేవేళకు కూడా నేను మొదటి ముక్కే నములుతున్నాను.

"జర గట్టిగ లేదూ?" అన్నాను, ఊరికే.

"వెల్‌డన్ కావాలన్నోళ్లను చెప్పు సైజు గూడ అడగాలె, సలీం భాయ్!" అన్నాడు ఇర్ఫాన్.

అందరూ నవ్వారు. నస్రీన్ నవ్వు మిగతావాళ్లకన్నా రెండు సెకన్లు ఎక్కువసేపు సాగింది. నేను గమనించాను. దాని మీద అమ్మీ ఒక మాట వేసింది: "చిన్న దామాద్ చేతిల జాదూ ఉన్నది." పెద్దల్లుడి చేతిలో ఏముందో ఎవరూ అడగలేదు. ఫోర్కు ఉంది. అది ముక్కలోకి దిగడం లేదు.

"శనివారం పగటికి అందరు మా ఇంటికి రాండి," అన్నాను లేచి నిలబడి. "స్టేక్ అంటే ఏందో చూపిస్త. పళ్లతోటి పనే ఉండదు. పెదవులతోటి తినొచ్చు."

ఈ చివరి వాక్యం గుర్తుంచుకోకపోయినా ఫర్వాలేదు. మా బంధువులు గుర్తుంచుకున్నారు.

శుక్రవారం సెలవు పెట్టి హలాల్ మాంసం కొట్టుకు వెళ్లాను. కొట్లోని మలయ్ అంకుల్ ఆస్ట్రేలియా మాంసం ముక్కలు ఐదు కోసి, పసిబిడ్డను అందించినట్టు నా చేతిలో పెట్టాడు. ఎర్రటి కండలో తెల్లటి కొవ్వు చారలు చలువరాయిలా ఉన్నాయి. "సాల్ట్, పెప్పర్, ఫినిష్. డోంట్ డిస్టర్బ్ లా," అన్నాడు. నాకు సలహా ఇచ్చేవాళ్లంటే మొదటినుంచీ అనుమానమే. ఇంటికి వచ్చి ముక్కల్ని ఐదు నీళ్లలో కడిగాను. తర్వాత ఫోర్కు తీసుకుని, ఎవరి ముఖం గుర్తొచ్చిందో చెప్పను గాని, ప్రతి ముక్కనూ వంద పోట్లు పొడిచాను.

ఇక అసలు సంగతి. మా ఇళ్లలో కబాబ్‌కు ముదురు మాంసం వస్తే పచ్చి బొప్పాయి తొక్కతో సహా నూరి పట్టిస్తారు. ఎంతటి మొండి కూరైనా గంటలో మాట వింటుంది. ఈ రహస్యం ఇర్ఫాన్‌కు తట్టలేదు. నాకు తట్టింది. ఆ గర్వంతో మోకాలంత బొప్పాయి కొనుక్కొచ్చి మిక్సీ ముందు కూర్చున్నాను.

నస్రీన్ తొంగి చూసింది. "గంత బొప్పాయి ఎందుకు? అమ్మీ ఒక్క చెంచ పెడ్తది. గది గూడ గంట సేపే."

"గంటకే కూర మెత్తగైతే, రేపటి పగటి దాంక పెడితే ఎట్లుంటదో సోంచాయించు."

"సోంచాయించిన. గందుకే చెప్తున్న."

"గది ముదురు కూర, నస్రీన్. దానికే గంత పని చేస్తే, గింత మంచి కూరకు ఇంకెంత చేస్తది!"

"మీతోని కాదు గని, ఇర్ఫాన్‌కు ఒక ఫోన్ కొట్టి అడగరాదూ?"

ఆ మాటతో స్టేక్ తలరాత రాసైపోయింది. అప్పటిదాకా సగం కాయే నూరాను. మిగతా సగమూ నూరాను. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందట. నేను ఆ నక్కకన్నా తెలివైనవాణ్ని కనుక వాతల మీద బొప్పాయి కూడా పూశాను.

వెన్న సంగతి వేరు. పుదీన, కొత్తిమీర, పచ్చిమిర్చి, వెల్లుల్లి నూరి వెన్నలో కలిపి, ప్లాస్టిక్ కాగితంలో కొవ్వొత్తిలా చుట్టి ఫ్రీజర్లో పెట్టాను. అది అద్భుతంగా కుదిరింది. అందుకే దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

శనివారం ఇర్ఫాన్, షాహీన్ వచ్చారు. అమ్మీ బల్ల దగ్గర మధ్య కుర్చీలో న్యాయమూర్తిలా కూర్చుంది. నేను వంటింట్లో పాన్ పొగలు కక్కేదాకా కాచి, మొదటి ముక్కను పట్టుకారుతో పట్టుకున్నాను. పట్టుకారు రెండు కొసలూ ఒకదాన్నొకటి ముద్దు పెట్టుకున్నాయి. మధ్యలో ఉండవలసిన మాంసం గిన్నెలోనే ఉంది. చేత్తో ఎత్తాను, వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. గరిటెతో తీసి పాన్‌లో వేశాను. చుయ్యిమని అరిచి, ఉప్మాలా నలువైపులా పరుచుకుంది.

మా ఏడేళ్ల కూతురు సనా వచ్చి మునివేళ్ల మీద నిలబడి చూసింది. "అబ్బా, దిస్ వన్ పారిజ్ లా!"

"గంజి కాదు, స్టేక్. హాల్లకు పో!"

"వేర్ గాట్ స్టేక్?"

హాల్లోంచి ఇర్ఫాన్ గొంతు: "భాయ్, రెస్ట్ ఇస్తున్నరా? కాల్చినంక కూరను పది నిమిషాలు కదపొద్దు!"

"నిన్నటి సంది రెస్టే తమ్మీ! నువ్వు కూసో!"

అతను కూర్చోలేదు. వచ్చి పాన్‌లోకి చూశాడు. గిన్నెలోకి చూశాడు. చివరికి నాలోకి చూశాడు.

"ఇది హలీమేనా, భాయ్?"

"స్టేక్."

"అచ్ఛా. ఇండ్ల స్టేక్ యాడ మొదలైతది?"

నవ్వి ఉంటే క్షమించేవాణ్ని. నవ్వలేదు. చొక్కా చేతులు పైకి మడిచాడు. చెడిపోయిన ప్రోగ్రామును చూసి జావా వాళ్లు పెట్టే ముఖం ఒకటి ఉంటుంది, అది పెట్టాడు. "ఆపా," అని మా ఆవిణ్ని అక్క వరసలో పిలిచి, "పుట్నాల పొడి ఉందా? ఏంచిన ఉల్లిగడ్డ? గరం మసాలా?" అని అడిగాడు. అతను అడిగినవన్నీ నస్రీన్ అందించింది. పెళ్లైన పదేళ్లలో నేను ఎప్పుడు గరం మసాలా ఎక్కడుందని అడిగినా "అక్కడే" అనేది. ఆ రోజు డబ్బా మూత కూడా తీసి ఇచ్చింది.

అతను ఆ ముద్దను బిళ్లలుగా తట్టి, నేను చేసిన వెన్నలో వేయించాడు. వాసన కారిడార్లోకి పాకింది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. అమ్మీ నాలుగు తిన్నది. ఐదోది తుంచుతూ, "ఎవరు చేసిన్రు?" అంది.

నేను నా పళ్లెం మీదికి వంగాను.

"సలీం భాయే, అమ్మీ," అన్నాడు ఇర్ఫాన్. "కూర తెచ్చింది, మెత్తగ చేసింది, వెన్న కలిపింది అంత ఆయనే. నేను ఉత్తగ బిళ్లలు తట్టిన."

నా జీవితంలో నన్ను ఎవరూ ఇంత ఘోరంగా అవమానించలేదు.

అమ్మీ లేచి వంటింట్లోకి వెళ్లింది. బొప్పాయి తొక్కలు చూసింది. గిన్నె అడుగున మిగిలిన గుజ్జును వేలితో తాకి చూసింది. తిరిగి వచ్చి కూర్చుంది.

"నస్రీన్, నా సూట్‌కేస్ సదరకు. ఆఖరి పది దినాలు గూడ నేను ఈడనే ఉంట."

నస్రీన్ ఎగిరి తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. నా ఛాతీ పాన్‌లోని పొగలా పైకి లేచింది. ఇర్ఫాన్ వైపు తిరిగి, ప్రతి అక్షరం రుచి చూస్తూ అన్నాను: "అమ్మీకి మా ఇల్లే పసందైంది, తమ్మీ. ఏం చేస్తం!"

"ఇల్లు గాదు బేటా," అంది అమ్మీ. "షాహీన్ గురించి నాకు ఫికర్ లేదు. దాని మొగడు వండి పెడ్తడు. నా పెద్ద బిడ్డ ఏం తిని బతుకుతున్నదో ఇయ్యాల చూసిన. నేనున్నన్ని దినాలు నువ్వు వంటింట్లకు పోకుండ దర్వాజ కాడ కూసుంట."

అన్నట్టే కూర్చుంది. పది రోజులూ వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని తస్బీ జపమాల తిప్పుతూ. నాకు మంచినీళ్లు కావాలన్నా ఆమెను అడిగి, ఆమె గ్లాసులో పోసి ఇస్తే తాగాను. అంటే పోటీలో గెలిచింది నేనే. ఇంత హీనంగా గెలిచినవాడు ఈ ద్వీపంలో ఇంకొకడు ఉండడు. ఇక నా పుదీన వెన్న ఇప్పుడు సెరంగూన్‌లో స్టేక్ మీద కరుగుతోందట. దానికి "ఇర్ఫాన్ బటర్" అని పేరు. దీన్ని కూడా నేను మరిచిపోను.

కాబట్టి పాఠకుల సాక్షిగా, పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను: సడ్డకుణ్ని మించాలన్న కోరికతో ఈ జన్మలో మళ్లీ ఏ మాంసాన్నీ పొయ్యి ఎక్కించను. చేపలు మాంసం కిందికి రావని నా అభిప్రాయం.